మింగుడు పరీక్ష

సోమవారం పొద్దున్నే కంప్యూటర్ తెర మీద వచ్చిన అంకెను చూసి నిల్గున్ కుర్చీలోంచి లేచింది. మళ్లీ కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, లెక్క ఇంకోసారి చేయించి, మళ్లీ లేచింది. అంకె మారలేదు. పాయింట్ తొంభై తొమ్మిది.

ఒక ప్రశ్నావళిలోని ప్రశ్నలన్నీ ఒకే బాధ గురించి అడుగుతున్నాయా, లేక తలో దిక్కు చూస్తున్నాయా అని తేల్చే అంకె అది. ఒకటికి ఎంత దగ్గరైతే అంత గొప్ప. పాయింట్ ఎనభై వస్తే పండగ. పాయింట్ తొంభై వస్తే ఊరేగింపు. పాయింట్ తొంభై తొమ్మిది వస్తే ఏం చేయాలో టర్కీలోని ఆ చోరుమ్‌లో ఎవరికీ తెలియదు, ఇంతవరకు ఆ ఊళ్లో ఎవరికీ రాలేదు కాబట్టి.

మింగడం కష్టమైనవాళ్ల కోసం ఇంగ్లీషులో పుట్టిన ప్రశ్నావళి అది. పది ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకీ సున్నా నుంచి నాలుగు దాకా వేయాలి. సున్నా అంటే ఇబ్బందే లేదు, నాలుగంటే ఘోరం. చలికాలమంతా ఇద్దరు కూర్చుని దాన్ని టర్కిష్‌లోకి తెచ్చారు, ఇంకో ఇద్దరు మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పారు, తర్వాత నలుగురూ కలిసి పోట్లాడుకున్నారు. ‘హోటల్లో తినడానికి వెళ్లలేకపోతున్నారా’ అన్న ప్రశ్నకు ఊళ్లో పెద్ద ఆడవాళ్లు నొచ్చుకున్నారు. “హోటలెందుకు, మా ఇంట్లో పొయ్యి ఆరిపోయిందనుకున్నావా?” అని ఒకావిడ కాగితం వెనక్కి నెట్టేసింది. దాంతో అది ‘ఎవరింటికైనా వెళితే పెట్టింది తినలేకపోతున్నారా’గా మారింది. అలా మారిన కాగితం టర్కిష్ గొంతుల్ని నిజంగా కొలుస్తుందా లేదా అని తేల్చడమే నిల్గున్ థీసిస్. వచ్చే శుక్రవారానికి ఫైలు డీన్ ఆఫీసులో ఉంటే ఆసుపత్రిలో ఆమె స్పీచ్ థెరపిస్టు ఉద్యోగం నిలబడుతుంది. లేకపోతే వేసవితో పాటు అదీ అయిపోతుంది.

ఆమె గైడు రెజ్జాన్ హోజా, ముక్కుల్లోంచి కెమెరా దించి గొంతులు చూసే ప్రొఫెసరు. అక్కడ పంతుళ్లందరినీ హోజా అనే పిలుస్తారు. ఆవిడ నవ్వగా చూసిన పేషెంట్లు ఉన్నారని అంటారు గానీ, వాళ్లకప్పుడు మత్తుమందు ఇచ్చి ఉన్నారు. అలాంటి మనిషి తెర చూసి, నిల్గున్ రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని, నిలబడినచోటు నుంచే డీన్‌కు ఫోన్ చేసింది. ఆ వెంటనే బేకరీకి కూడా.

“కేకు మీద ఏం రాయమంటారని అడుగుతున్నాడే!”

“ఏం చెప్పారు హోజా?”

“సున్నా కామా తొంభై తొమ్మిది అని. పెద్దగా రాయమన్నాను.”

*

మంగళవారం ఓపీ. మింగలేనివాళ్ల ఓపీకి ఎవరూ ఖాళీ చేతులతో రారు. మంచినీళ్లకే పొలమారే మనిషి చీజ్ పెట్టిన బోరెక్ పళ్లేన్ని తువ్వాలు కప్పి తెస్తాడు. అన్నం మెతుకు దిగని ఆవిడ బక్లావా మిఠాయి డబ్బా మోసుకొస్తుంది. తొమ్మిదయ్యేసరికి రిసెప్షన్ బల్ల మీద ఓ మోస్తరు పెళ్లి విందు తయారవుతుంది. ఆ అంతస్తులో దాన్ని తినగలిగినవాళ్లు నిల్గున్, సెక్యూరిటీ గార్డు మాత్రమే. ఇద్దరికీ ఈమధ్యే యూనిఫారాలు కొత్తగా కుట్టించారు.

“ఆగు తల్లీ,” అంటూ హురియే పిన్ని వేడి వేడి వేయించిన శనగల పొట్లం విప్పి నిల్గున్ తెల్లకోటు జేబులో సగం కుమ్మరించింది. బజారులో గడియారస్తంభం దగ్గర శనగల దుకాణం ఆవిడది. గొంతులో నరం దెబ్బతిన్నాక ఆవిడ ఒక్క గింజ మింగలేదు. “నువ్వు తిను. నేను చూస్తాను.”

“ఇప్పుడే టిఫిన్ చేశాను పిన్నీ.”

“నమలమ్మా. కరకరమని వినపడాలి. నాకు సినిమా కన్నా నయం.”

నిల్గున్ నమిలింది. హురియే పిన్ని కళ్లు మూసుకుని వింది.

రోజూ జరిగేది ఒకటే. నిల్గున్ కాగితాలు పంచి, లోపలికెళ్లి తలుపు వేసుకుని, ఒక్కొక్కరినీ పిలిచి చూస్తుంది. బయట కారిడార్‌లో బెంచీల మీద కూర్చుని వాళ్లు నింపి పెట్టెలో వేస్తారు. ఆ రోజు మాత్రం ఆమె టార్చిలైటు రిసెప్షన్ బల్ల మీద, బక్లావా డబ్బా వెనక మరిచిపోయింది. దానికోసం తలుపు తీసింది.

కారిడార్ నిశ్శబ్దంగా ఉంది. చోరుమ్‌లో పదిమంది ఒకచోట కూర్చుంటే నిశ్శబ్దంగా ఉండటం వైద్యశాస్త్రానికి అందని విషయం. అందరి తలలూ కాగితాల మీదికి వంగి ఉన్నాయి. బెంచీల ముందు, చేతులు వెనక్కి కట్టుకుని, జూన్ నెల ఎండలో కూడా కోటూ టై వేసుకున్న వెహ్బీ మాస్టారు పచార్లు చేస్తున్నాడు. ప్రైమరీ స్కూల్లో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన పేషెంటు కూడా కాదు. ఆయన భార్య మక్‌బులే పేషెంటు.

“నాలుగో ప్రశ్న,” అన్నాడు మాస్టారు. “గట్టి పదార్థాలు మింగడం. అందరూ ఒకటి వెయ్యండి.”

పెన్సిళ్లు గీసుకున్నాయి.

“హురియే గారూ, మీరు మూడు వేశారు.”

“నాకు నిజంగానే దిగదు మాస్టారూ! మూడు కూడా మొహమాటానికి వేశాను.”

“దిగకపోవడం వేరు, రాయడం వేరు. రబ్బరు ఎవరి దగ్గరుంది? ఇటివ్వండి. వెనక బెంచీ, మాటలొద్దు.”

రబ్బరు చేతులు మారుతూ వచ్చింది. హురియే పిన్ని తన మూడును శ్రద్ధగా చెరిపి, పొట్టు ఊది, ఒకటి వేసింది.

నిల్గున్ నోట్లో శనగ గింజ అలాగే ఉండిపోయింది.

“మాస్టారూ, ఏంటండీ ఇది?”

“ఆ, రా తల్లీ, నీ పని సులువుగా సాగనీ,” అన్నాడు ఆయన, పట్టుబడినవాడిలా కాదు, తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌కు క్లాసు చూపించేవాడిలా. “చూడు, ఒక్క గడి ఖాళీ లేదు. మొదట్లో వీళ్లు సగం సగం రాసి పెట్టెలో పడేసేవాళ్లు. కుర్రపిల్ల చదువు పాడైపోతుందే అనిపించింది. అప్పట్నించీ నేనే చూసుకుంటున్నా.”

“అప్పట్నించీ అంటే... అన్ని రోజులూనా?”

“సెలవు కూడా పెట్టలేదు.”

“అందరికీ ఒకటేనా?”

“మరి? సున్నా వేస్తే రోగమే లేదని ఇంటికి పంపేస్తారు. నాలుగు వేస్తే పొట్టకి కన్నం పెట్టి గొట్టం వేస్తారు. ఒకటి మర్యాదగా ఉంటుంది. ముసురుకి గొంతులు పట్టేసిన రోజు మాత్రం అందరికీ అన్నీ రెండు.”

కారిడార్ మొత్తం తల ఊపింది.

“మా బావగారు అంకారాలో నాలుగన్నాడమ్మా,” అంది హురియే పిన్ని గొంతు తగ్గించి. “మర్నాడు పొద్దున్నే గొట్టం.”

“ఆయనకేమైంది పిన్నీ?”

“లారీ గుద్దింది. అయినా నాలుగన్నాడుగా.”

నిల్గున్ నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక గోడకు ఆనుకుంది. అప్పుడు మక్‌బులే పిన్ని మీద కళ్లు పడ్డాయి. పోయిన శరత్కాలంలో వచ్చిన పక్షవాతానికి కుడిచెయ్యి ఒళ్లో వదిలేసినట్టు పడి ఉంది. పక్కన బెంచీ మీద ఆమె కాగితం. అన్నీ ఒకట్లే, అచ్చు వేసినట్టు గుండ్రటి మాస్టారి దస్తూరీలో.

నిల్గున్ వంగి పెన్సిలు ఆమెకు అందించింది. “మీరు వేస్తారా పిన్నీ?”

మక్‌బులే ఎడమచెయ్యి పైకి లేచింది. వేళ్లు విచ్చుకున్నాయి. పెన్సిలు ఆ వేళ్లను తాకకముందే మాస్టారు మధ్యలోంచి మెల్లగా తీసేసుకున్నాడు.

“అలిసిపోతుంది తల్లీ. దానికేం కావాలో నాకు తెలుసుగా.”

ఆమె వేళ్లు పెన్సిలు పట్టుకున్నట్టే కాసేపు గాలిలో ఉండి, తర్వాత ఒడిలోకి దిగాయి.

*

కేకు పన్నెండింటికి వచ్చింది. తెల్లటి క్రీము మీద నీలం అక్షరాల్లో, పాయింట్ బదులు కామా పెట్టే టర్కీ పద్ధతిలో, 0,99 అని, పక్కన ఒక గులాబీ. రెజ్జాన్ హోజా కత్తి పట్టుకుని నిలబడే కథంతా వింది. నిల్గున్ ఎక్కడా ఆపలేదు. ఆపితే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం ఉండదని తెలుసు.

“అంటే,” అంది హోజా చివరికి, “ఈ కాగితాలన్నీ రాసింది ఒక్క మనిషి.”

“అవును హోజా.”

“అదీ సంగతి. మనిషి తనతో తాను ఆ మాత్రం ఏకీభవించడా?”

ఆవిడ ముందుగా రెండు తొమ్మిదుల్నీ కోసి నిల్గున్ పళ్లెంలో వేసింది. గులాబీ తను తీసుకుంది.

“డీన్‌కి చెప్పేశాను,” అంది హోజా.

“తెలుసు.”

“ఇవన్నీ పారేస్తే నీ చేతిలో ఏం మిగులుతుంది?”

“ఏం మిగలదు. అందరిచేతా మళ్లీ రాయించాలి. ఎల్లుండి గురువారం రాయించి, వచ్చే గురువారం ఇంకోసారి రాయిస్తే శుక్రవారానికి ఫైలు ఇవ్వొచ్చు.” వారం తేడాతో రెండుసార్లు రాయించి తీరాలి. గొంతులో మార్పు లేనప్పుడు జవాబుల్లోనూ మార్పు రాకూడదు. వస్తే కొలత నమ్మదగ్గది కాదని అర్థం.

“ఒక్కొక్కళ్లనే లోపలికి పిలిచి రాయిస్తావా?”

“బంధువులు కూడా వస్తారు హోజా. బయటికి పంపితే కిటికీలోంచి చెప్తారు. మొన్న ఎక్స్‌రే గదిలో ఒకాయన్ని ఊపిరి బిగపట్టమంటే ఆయన బదులు వాళ్లావిడ బిగపట్టింది.”

“మరి?”

నిల్గున్ ఫోర్కు కింద పెట్టింది. ఆమె చిన్నప్పుడు ఇంటి గేటు మీద ‘కుక్క ఉంది’ అని రాసి, కుక్క లేకుండానే పోస్ట్‌మ్యాన్‌ను నెల్లాళ్లు పరిగెత్తించిన పిల్ల. ఆనాటి వెలుగు ఇప్పుడు ముఖంలోకి వచ్చింది.

“పరీక్ష పెడదాం. నిజం పరీక్ష. మీటింగ్ హాలు, విడివిడి కుర్చీలు, గోడ గడియారం. ఏ సెట్టు, బీ సెట్టు, సీ సెట్టు, డీ సెట్టు. పక్కవాడిది వేరే సెట్టయితే ఎవడైనా కాపీ కొడతాడా?”

“ప్రశ్నల వరుస మారిస్తే అది వేరే ప్రశ్నావళి అయిపోతుంది. థీసిస్ చూసే జ్యూరీ నిన్ను నమిలి మింగేస్తుంది.”

“వరుస మార్చను. లోపల నాలుగూ ఒకటే.”

“మరి ఏ, బీ, సీ, డీ?”

“అవి అట్ట మీద అక్షరాలు. వేరు వేరు ప్రశ్నలని నేను ఎవరితోనూ అనను. అట్ట మీద అక్షరం వేయకూడదని ఏ రూల్లోనూ లేదు హోజా, చూశాను.”

రెజ్జాన్ హోజా సీలింగ్ వైపు చూస్తూ ఉండిపోయింది. సీలింగ్‌లో చూడదగ్గది ఏమీ లేదు.

“నేను ఏమీ వినలేదు,” అంది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది. “అట్టలు ఏ రంగు?”

*

బుధవారమంతా నిల్గున్ ఫోన్లు చేసింది. ‘ప్రశ్నావళి’ అన్నప్పుడు ఆవులించినవాళ్లు ‘పరీక్ష’ అనగానే నిటారుగా కూర్చున్నారు. అది ఫోన్‌లోనే వినపడింది. ఒకాయన ఏం చదువుకు రమ్మంటారని అడిగాడు. ఒకావిడ పెద్ద పరీక్షల్లో మనవడికి కలిసొచ్చిన పెన్ను అడిగి తెచ్చుకుంటానంది.

గురువారం మీటింగ్ హాలు ముందు గుంపు చూసి సెక్యూరిటీ గార్డు ఎవరో మంత్రి వస్తున్నాడనుకుని టోపీ పెట్టుకున్నాడు. క్షవరాలు అయి ఉన్నాయి, ఇస్త్రీ చొక్కాలు, కొత్త తలగుడ్డలు. చేతికర్రలు కూడా తుడిచి తెచ్చారు. తోడు వచ్చినవాళ్లు బయట వరండాలో నిలబడి పిల్లల్ని బడిలో దింపినట్టు కంగారు పడుతున్నారు.

“ఖాళీ వదలకు నాన్నా! తెలియకపోతే సి పెట్టు!”

“సి లేదట్రా, అంకెలట!”

నిల్గున్ ఒక అట్టముక్కకు దారం కట్టి, దాని మీద ‘ముఖ్య ఇన్విజిలేటర్’ అని రాసి వెహ్బీ మాస్టారి మెడలో వేసింది. ఆయన దాన్ని చూసుకున్నాడు. టై ముడి బిగించుకున్నాడు. ఒక్క క్షణంలో ఆయన వెన్ను ఇరవయ్యేళ్లు వెనక్కి వెళ్లింది.

“బాధ్యత పెద్దది తల్లీ,” అన్నాడు గంభీరంగా. “మక్‌బులే ఆ కిటికీ వరసలో కూర్చుంది. ఇన్విజిలేటర్ తన బంధువు కూర్చున్న వరసలోకి వెళ్లకూడదు. రూలు.”

“అలాగే మాస్టారూ. రూలు రూలే.”

ఆ రూలు ఆమె పెట్టలేదు. ఎలా పెట్టాలా అని రాత్రంతా ఆలోచిస్తున్నది ఆయనే చేతిలో పెట్టాడు.

నిల్గున్ ముందుకొచ్చి నిలబడింది. ఇక్కడ మాత్రం తమాషా చేయలేదు.

“ముందు ఒక్క మాట వినండి. ఈ కాగితం చూసి ఎవరికీ గొట్టం వేయరు. గొట్టం కావాలో వద్దో హోజా కెమెరాతో చూసి చెప్తారు. మీకు అన్నం ఎలా దిగుతోందో, పదిమందిలో తినడానికి ఎందుకు వెళ్లట్లేదో కెమెరాకి కనపడదు. అది మీకొక్కరికే తెలుసు. మా అమ్మాయికి తెలుసు, మా ఆయనకి తెలుసు అనకండి. వాళ్ల గొంతు వేరు.”

హురియే పిన్ని చెయ్యెత్తింది.

“నాలుగు వేసినా ఏం కాదా?”

“ఏం కాదు పిన్నీ.”

“అయిదు ఉందా?”

“లేదు.”

“పోనీలే, నాలుగుతో సరిపెట్టుకుంటా.”

కాగితాలు పంచారు. ఆకుపచ్చ అట్ట ఏ, పసుపు అట్ట బీ, గులాబీది సీ, నీలంది డీ. పక్కవాడి అట్ట రంగు చూసి అందరూ ఒక్కసారి నిట్టూర్చారు. తర్వాత, తమ బతుకులో మొదటిసారి, ఎవరి కాగితం వాళ్లు చూసుకున్నారు.

మాస్టారు హాల్లో తిరిగాడు. పక్కకు తిరిగిన తలను కళ్లతోనే సరిచేశాడు. దగ్గు వచ్చినవాడి దగ్గర ఆగి, అది నిజం దగ్గో సైగో విని తేల్చుకుని ముందుకు కదిలాడు. ప్రతి చుట్టులోనూ కిటికీ వరస మొదట్లో ఆగిపోతున్నాడు. చెప్పుల మొనలు గీత దాటట్లేదు గానీ, మనిషి మాత్రం నడుము పైనుంచి ఆ వరసలోకి వాలిపోతున్నాడు.

అక్కడ మక్‌బులే ఇంకా మొదలుపెట్టలేదు. ఆమె తలెత్తి భర్తను చూసింది. తర్వాత ఎడమచేత్తో తన కుడి మణికట్టును పట్టుకుంది. పడుకున్న పసిబిడ్డను ఎత్తినట్టు ఆ చెయ్యిని ఎత్తి, కాగితం ముందు అడ్డంగా గోడలా పెట్టింది. అది జారింది. మళ్లీ పెట్టింది, మోచెయ్యి బల్ల అంచుకు ఆనేలా. ఈసారి నిలబడింది. ఆ గోడ వెనక తల వంచి, ఎడమచేత్తో పెన్సిలు తీసుకుని రాయడం మొదలుపెట్టింది.

మాస్టారు నిటారుగా అయ్యాడు. ఎన్ని వందల మంది పిల్లలు ఆయన ముందు అలా చెయ్యి అడ్డం పెట్టుకుని రాసి ఉంటారో. ఒక్కరూ ఆయన్ను చూసి దాచుకోలేదు. పక్కవాడిని చూసి దాచుకున్నారు.

ఆయన మెల్లగా వెనక్కి తిరిగి, గోడ గడియారం కింద నిలబడి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

బయట ఒక్కొక్కరే వస్తుంటే వరండా మార్కుల రోజులా మారింది. తీసుకున్న కాగితాలు పెట్టెలో పడి తాళం పడ్డాక ఇక ఎవరి నోటినీ ఆపే అవసరం లేదు.

“నాకు ముప్పై ఆరు!” హురియే పిన్ని గడియారస్తంభం దాకా వినపడేలా అంది. “నలభైకి ముప్పై ఆరు! బడిలో నాకెప్పుడూ సగం కూడా రాలేదు!”

“నాకు పద్నాలుగే,” అన్నాడు బోరెక్ ఆయన చిన్నబుచ్చుకుని.

“దిగులుపడకు. ఇంకా వయసుందిగా.”

లోపల మక్‌బులే ఆఖర్న రాసి ముగించింది. తన కాగితం తనే మడిచి, మాస్టారు చాచిన చేతిని దాటించి, నిల్గున్ చేతిలో పెట్టింది.

మిగిలిపోయిన ఖాళీ కాగితాలు సర్దుతూ వెహ్బీ మాస్టారు ఒక ఆకుపచ్చదీ ఒక నీలందీ పక్కపక్కన పెట్టాడు.

“నాలుగు రకాలు అచ్చు వేయడానికి మా స్కూల్లోనూ డబ్బులుండేవి కావు,” అన్నాడు కాగితాల నుంచి తల ఎత్తకుండా.

నిల్గున్ చెవులు ఎర్రబడ్డాయి. “ఎప్పుడు కనిపెట్టారు?”

“పంచుతున్నప్పుడే.”

“మరి వాళ్లకి చెప్పలేదేం?”

“పరీక్ష నడుస్తుంటే ఎలా చెప్తాను?” ఆయన అట్టలు సమంగా తట్టి కట్ట కట్టాడు. తర్వాత చాలా చిన్నగా అడిగాడు. “ఎన్ని వేసిందమ్మా?”

“ఇన్విజిలేటర్ అడక్కూడదు మాస్టారూ.”

“అవునవును,” అన్నాడు. “అడక్కూడదు.”

*

మక్‌బులే కాగితం వంకర టింకరగా ఉంది, కానీ అంకెలు స్పష్టం. నీళ్లు తాగడం కష్టమా: మూడు. గట్టి పదార్థాలు కష్టమా: ఒకటి. తింటుంటే దగ్గు: ఒకటి. అక్కడివరకు అర్థమవుతోంది. తినడంలో ఉన్న ఆనందం పోయిందా అన్నచోట నాలుగు వేసి, ఆ నాలుగును కాగితం చిరిగేదాకా మళ్లీ మళ్లీ దిద్దింది. ఎవరింటికైనా వెళితే పెట్టింది తినలేకపోతున్నారా అన్నచోటా అంతే.

“గొంతు ఒకటి అంటోంది, మనిషి నాలుగు అంటోంది,” అంది రెజ్జాన్ హోజా కాగితం తిప్పి చూస్తూ. “రేపు పొద్దున ఆవిడని తీసుకురా.”

శుక్రవారం కెమెరా గదిలో మాస్టారు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

“గొట్టమేనా డాక్టర్ గారూ? అది ఏదో అంకె వేసి ఉంటుంది. కాగితం చూసి గొట్టం వేయరని ఈ పిల్ల మాటిచ్చింది.”

“కూర్చోండి. తెర చూడండి.”

నల్లటి సన్నని తీగ మక్‌బులే ముక్కులోంచి దిగింది. ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుంది కానీ కదల్లేదు. తెర మీద తడి గులాబీ రంగు గుహ తెరుచుకుంది. నిల్గున్ ఆకుపచ్చ రంగు కలిపిన పెరుగు చెంచాతో అందించింది. గుహ మూసుకుంది, తెల్లగా మెరిసింది, తెరుచుకుంది. ఆకుపచ్చ ఎక్కడా లేదు.

“ఇంకోటి,” అంది హోజా.

రంగు నీళ్లు ఇస్తే కొద్దిగా పక్కకు జారి మక్‌బులే దగ్గింది. చిక్కచేసిన నీళ్లు ఇస్తే దగ్గలేదు. పాలల్లో నానిన బిస్కట్టు ఇచ్చారు. నమిలింది. మాస్టారు కూడా ఖాళీ నోటితో ఆమెతో పాటు నమిలాడు. ఆకుపచ్చ ముద్ద దిగింది, గుహ మళ్లీ శుభ్రం. నిల్గున్‌కు చప్పట్లు కొట్టాలనిపించి చెంచా గట్టిగా పట్టుకుంది.

హోజా తీగ బయటికి తీసింది. “ఇంట్లో ఏం పెడుతున్నారు?”

“అన్నీ పెడుతున్నానండీ. ఏ లోటూ లేదు. పిలాఫ్, మాంసం, చిక్కుడు, సలాడ్... అన్నీ కలిపి మిక్సీలో వేసి, వడగట్టి.”

“అన్నీ కలిపా?”

“బలం రావాలి కదండీ. బయ్రాం పండక్కి బక్లావా కూడా అందులోనే వేశాను.”

మక్‌బులే పెదాలు కదిలాయి. మాట రావడానికి సమయం పడుతుంది. ఎప్పుడూ ఆ సమయంలోనే మాస్టారు అందుకునేవాడు. ఈసారి నోరు తెరిచి, నిల్గున్ వైపు చూసి, మూసుకున్నాడు.

“బూడిద రంగు,” అంది మక్‌బులే. ఊపిరి తీసుకుంది. “రోజూ. బూడిద రంగు.”

హోజా యంత్రం ఆపింది.

“డిశ్చార్జి రోజు చెప్పారండీ,” అన్నాడు మాస్టారు నెమ్మదిగా. “అన్నీ రుబ్బి పెట్టమని. ఎప్పటిదాకా అనేది చెప్పలేదు. తర్వాత వచ్చినప్పుడల్లా ఎలా ఉందని అడిగారు.” ఆగాడు. “ఒకటి అని నేనే చెప్పాను.”

రెజ్జాన్ హోజా చేతితొడుగులు తీసేసింది. తిట్టడానికి ఊపిరి పీల్చుకున్న మనిషి ఆ ఊపిరిని అలాగే వదిలేసింది.

“నీళ్లూ టీ చిక్కచేసే ఇవ్వాలి, అందులో బేరం లేదు. తిండి మాత్రం మెత్తగా ఉడికింది ఏదైనా పెట్టొచ్చు. పక్కన కూర్చోండి, చిన్న ముద్దలు, తొందరపెట్టకూడదు. ఏం తినాలనుంది మక్‌బులే గారూ?”

ఈ మాట మాత్రం వెంటనే వచ్చింది.

“వంకాయ.”

“దాన్ని చీల్చి, ఖీమా కూరాలి,” అన్నాడు మాస్టారు కంగారుగా. “నాకు రాదు. అది ఎప్పుడూ తనే...”

“నేను,” అంది మక్‌బులే, “చెప్తాను.” ఎడమచేతి వేలు ఆయన టై వైపు చూపించింది. “నువ్వు రాసుకో.”

“తోలు తీసి!” అని హోజా వెనకనుంచి అరిచింది.

*

మరుసటి గురువారం పరీక్షకు ఫోన్లు చేయాల్సిన అవసరం రాలేదు. హురియే పిన్ని పోయినసారి మార్కులు తగ్గకూడదని ముందు వరసలో కూర్చుంది. సాయంత్రం నిల్గున్ అంకెలన్నీ ఎక్కించింది. ప్రింటౌట్లు పట్టుకుని మెట్లు రెండేసి దాటుకుంటూ పై అంతస్తుకు పరిగెత్తింది.

“పాయింట్ ఎనభై ఏడు హోజా! ఎనభై ఏడు!”

రెజ్జాన్ హోజా కాగితం దూరంగా పట్టుకుని చూసింది. “ఇప్పుడు మనుషులు రాసినట్టుంది. రెండోసారిదీ మొదటిసారిదీ పోల్చావా?”

నిల్గున్ రెండో కాగితం పరిచింది. ప్రతి పేషెంటూ ఒక చుక్క. ఆనందం గురించిన ప్రశ్నకు పోయిన వారం ఎంత, ఈ వారం ఎంత అని. చుక్కలన్నీ ఏటవాలు గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. ఒక్కటి మాత్రం గీతను వదిలి, కింద మూల సున్నా దగ్గరికి దూకేసి ఉంది.

హోజా వేలు దాని మీద ఆగింది. “ఇదేంటి?”

“అది లెక్క తప్పు కాదు హోజా.”

“గొంతు మారిందా?”

“మారలేదు. పొద్దున కెమెరాతో మీరే చూశారు, అదే గొంతు.”

“గొంతు మారకుండా నాలుగు సున్నా అయితే జ్యూరీ దీన్నే పట్టుకుంటుంది. ఇది తీసేస్తే నీ అంకె ఇంకా పైకెళ్తుంది, తెలుసా?”

“తెలుసు. తీయను.” నిల్గున్ ఆ చుక్క పక్కన తన వేలు కూడా పెట్టింది. “ఇది వంకాయ హోజా. ఈ కాగితం వంకాయని కూడా పట్టుకుంటుందని జ్యూరీకి చెప్తాను.”

రెజ్జాన్ హోజా ఆ చుక్క మీదికి వంగింది.

“తోలు తీశారా?”

“తీశారట.”

“అయితే ఉండనీ,” అని సంతకానికి పెన్ను తీసింది.